నడిమింట్లో సీడ్ ప్లాట్

3 ఆగస్టు 2008, ఆదివారం

ఈ డైరీ సీడ్ కంపెనీ వాళ్ళు ఏటా ఇచ్చేది. ప్రతి పేజీ అడుగున గళ్ళుంటాయి. ప్లాట్ నంబరు, విత్తిన తేదీ, మొలక శాతం, పూత, క్రాసింగ్. ఇరవై రెండేళ్ళుగా ఈ గళ్ళలో గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి చేల సంగతులు రాస్తున్నాను. సూపర్‌వైజర్ దశరథం అంటే తప్పులు పట్టేవాడని పేరు. ఇంటి సంగతి మాత్రం ఒక్క ముక్క రాసి ఎరగను. ఈసారి లీవులో ఉన్నాను, పేజీలు ఖాళీగా ఉన్నాయి.

నా భార్య అలివేలు ఈ రోజు మళ్ళీ అదే మాట అంది. హైదరాబాద్ రానంది. క్యాన్సర్ మందు రెండుసార్లు ఎక్కించారు. ఎక్కించిన ప్రతిసారీ పది రోజులు వాంతులు, మంచినీళ్ళు కూడా నిలవలేదు. నొప్పికి ఓర్చుకుంట గని ఆ వాంతులు నాతోని కాదు, నన్ను ఇడిసిపెట్టు అంది.

మూడోసారికి డాక్టరు ఇచ్చిన తేదీ అక్టోబర్ 22. అప్పటికి కనీసం ముప్పై ఆరు కిలోలు ఉండాలన్నాడు. నిన్న గోదాములో గింజల సంచులు తూచే కాటా మీద కూర్చోబెట్టాను. ముప్పై మూడున్నర. మా సంచీ ఒక్కోటి నలభై ఉంటుంది. దిగుతూ దిగుతూ, తేమ ఎంతుందో గూడ చూడరాదు అంది. గోదాము వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

4 ఆగస్టు, సోమవారం

యోసేపు వచ్చాడు. పత్తి పరిశోధన ఫారంలో పని చేస్తాడు, నాకు పాత స్నేహితుడు. పోయినేడు వాళ్ళ అక్కకు ఇదే జబ్బు. ఆఖరి నెలల్లో ఆమె కడుపులో అన్నం నిలిచిందంటే ఒక మొక్క వల్లే అన్నాడు. జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో నాలుగు గింజలు.

గంజాయి.

మామూలు రకం కాదట. మేనల్లుడు బెంగళూరులో ఎవరి దగ్గరో తెచ్చాడట. ఆటోఫ్లవరింగ్ అంటరు, మన లెక్కన డే-న్యూట్రల్ అనుకో అన్నాడు. పగటి పొడుగుతో పని లేదు, ఈడు రాగానే పూస్తుంది. మోకాలెత్తు మించదు. ఇంట్లో లైటు కింద కూడా పెరుగుతుంది. పది పదకొండు వారాల్లో కోతకొస్తుంది.

వేళ్ళ మీద లెక్కేశాను. అక్టోబర్ నడుమకు చేతికొస్తుంది. వాంతులు ఆగే దారి చూపిస్తే అలివేలు హైదరాబాద్ వస్తుంది. నాకు కావలసింది అదొక్కటే.

పోతూ పోతూ యోసేపు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మగ మొక్క కనబడితే ఆ రోజే పీకెయ్యి, ఆడదానికి గింజ పట్టిందంటే మందు బలం పోతది అని. నాకు చెబుతున్నాడు, మగా ఆడా గురించి!

5 ఆగస్టు

ఆమెకు నిజం చెప్పలేకపోయాను. ఆమె తండ్రి చిలుం మనిషి. చిన్నప్పుడు ఆమె కాళ్ళ కడియాలు కూడా ఆ పొగలోనే పోయాయి. ఆయన చచ్చిపోయిన రోజు ఈ మనిషి కంట నీటి చుక్క రాలేదు. గంజాయి అన్న మాట మా ఇంట్లో తిట్టుతో సమానం.

అందుకని కంపెనీ కొత్త పంట అన్నాను. రహస్యం ట్రయల్, బయట అనొద్దు అన్నాను. రెండు నూనె డబ్బాల్లో ఎర్రమట్టి, మేక ఎరువు కలిపి నింపుతుంటే మంచం మీంచి చూసింది. మీ కంపెనీకి పొలాలు ఒడిసిపోయినయా, నడిమింట్లకు వచ్చిన్రు అంది.

9 ఆగస్టు

నాలుగింటిలో మూడు మొలిచాయి. మొలక 75 శాతం. మా కంపెనీ అయితే ఈ లాట్‌ను తిప్పి పంపేది.

15 ఆగస్టు

ఒకటి మొదలు కుళ్ళి పడిపోయింది. నీళ్ళు ఎక్కువ పోశాను. ఇరవై రెండేళ్ళు రైతులను తిట్టింది ఈ తప్పుకే.

మిగిలినవి రెండు. డబ్బా నంబర్ 1, డబ్బా నంబర్ 2. పొద్దున కరెంటు పోతే ఒక్కో డబ్బానూ ఎత్తుకుని వంటింటి కిటికీ దగ్గరికి, వచ్చాక మళ్ళీ ట్యూబ్‌లైటు కిందికి. మాకు పిల్లలు లేరు. నేను రెండో డబ్బాను చంకనెత్తుకుని పోతుంటే ఆమె చూసి మొహం గోడ వైపు తిప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

21 ఆగస్టు, గురువారం

క్రాసింగ్ మొదలైంది. పొద్దున ఆరింటికే ఆడవాళ్ళ ట్రాక్టర్ మా సందు చివర ఆగింది. పోయినేటి దాకా ఆ ట్రాక్టర్‌లో ముందు కూర్చునేది అలివేలే. ముప్పై మందికి మేస్త్రి. సాయంత్రం మొగ్గ విప్పి లోపలి మగ భాగం గోటితో తీసేయాలి, మర్నాడు పొద్దున మగ వరస నుంచి పువ్వు తెచ్చి పుప్పొడి అంటించాలి, తొడిమకు ఎర్ర దారం కట్టాలి. దారం కట్టిన పువ్వంటే పని అయిపోయిన పువ్వు. దాన్ని ఇక ఎవరూ ముట్టరు, అది కాయ అవుతుంది. పొద్దున పదకొండు లోపల పూర్తి కావాలి. ఈమె చేసిన చెట్టున ఒక్క కాయ రాలినట్టు నా డైరీల్లో ఎక్కడా లేదు. నేను ఈమెను మొదట చూసింది కూడా అట్లాగే, తప్పు పట్టడానికి పోయి, పట్టలేక.

ట్రాక్టర్ వెళ్ళిపోయిన చప్పుడు ఆగేదాకా కిటికీ పట్టుకుని నిలబడింది. తర్వాత తన మంచం నడిమింట్లోకి, డబ్బాల పక్కకు జరపమంది. ఎందుకన్నాను. జర మనుషుల్లెక్క ఉంటయి అంది.

26 ఆగస్టు

గంజి అరగిన్నె. అంతే.

1 సెప్టెంబర్, సోమవారం

వాసన మొదలైంది. సందులోకి పోతోంది. కిటికీ మూస్తే అలివేలుకు ఊపిరాడదు, తీస్తే నాకు.

పక్కింటి షరీఫాబీ కుట్టు మిషను వదిలి రోజుకు రెండుసార్లు అలివేలును చూడటానికి వస్తుంది. ఈ రోజు వచ్చి, డబ్బాల వంక ఒకసారి చూసి, ముక్కు మీద కొంగు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఎక్సైజ్ వాళ్ళ జీపు వస్తే అని ఒకటే ఆలోచన. నేను జైలుకు పోతే ఈమెకు గంజి ఎవరు కాస్తారు?

సాయంత్రం షరీఫాబీ తన గడప ముందు నిప్పులు పోసి లోబాన్ సాంబ్రాణి వేసింది. సందంతా పొగ. దోమలు బాగైనయి వదినా, రోజూ ఏస్త అని గోడ మీంచి అలివేలుకు చెప్పింది. మా సందులో అసలు దోమలే లేవు.

8 సెప్టెంబర్, సోమవారం

రెండూ పూతకొచ్చాయి. ఐదో వారం. యోసేపు చెప్పినట్టే, వయసు లెక్క.

నంబర్ 1 మీద తెల్లని నూగు. ఆడది. నంబర్ 2 మీద చిన్న చిన్న గుండ్రని మొగ్గలు, గుత్తులుగా. మగది. ఖాయం. ఈ రోజే పీకాలి.

పొద్దున పట్టుకున్నాను. మధ్యాహ్నం పట్టుకున్నాను. చేయి రాలేదు. ఇరవై రెండేళ్ళలో క్రాసింగ్ కాకముందు మగ వరస పీకినవాణ్ణి నేనే తరిమి కొట్టాను. మొగ్గలు ఇంకా విచ్చుకోలేదు, నాలుగు రోజులు టైముంది. రేపు కంపెనీ పని మీద రాయచూరు పోవాలి, లీవులో ఉన్నా వదలడం లేదు. శుక్రవారం వచ్చాక పీకుతాను. షరీఫాబీ చూసుకుంటానంది.

12 సెప్టెంబర్, శుక్రవారం, మధ్యాహ్నం 2

కోపం ఇంకా తగ్గలేదు. రాస్తే తగ్గుతుందేమో.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి అలివేలు మంచం మీద లేదు. నంబర్ 1 ముందు పీట వేసుకుని కూర్చుంది. మొక్కకు కొమ్మ కొమ్మకూ ఎర్ర దారం. పందొమ్మిది దారాలు. షరీఫాబీ మిషను మీది రీలు ఒళ్ళో ఉంది. నంబర్ 2 మీద మొగ్గలన్నీ విచ్చుకుని ఖాళీ అయిపోయాయి.

మూడు రోజులు పొద్దున పొద్దున చేసిందట. ఒక్కటి గూడ ఇడ్వలే, చూస్కో, తప్పు పట్టు అంది. మొహం వెలుగుతోంది. జూన్ తర్వాత ఆ మొహం ఇదే చూడటం.

నేను అరిచాను. ఆమె మీద. జబ్బు వచ్చాక మొదటిసారి. ఎవరు చెప్పిన్రు నీకు, ఎవరు ముట్టమన్నరు, నాశనం చేస్తివి గదనే అన్నాను. బయటికొచ్చి జమ్ములమ్మ గుడి దాకా నడిచి తిరిగొచ్చాను. తప్పు నాది. పీకకుండా పోయింది నేను. కంపెనీ పంటని అబద్ధం ఆడింది నేను. కంపెనీ పంటంటే మా ఇంట్లో ఇంకో అర్థం ఏముంది, గింజే కదా.

అదే రోజు, సాయంత్రం 6

చెప్పేశాను. అది గంజాయి, వాంతులకు, నీ కోసమే అన్నాను. కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాను. తిడుతుందనుకున్నాను.

తెలుసు అంది.

మా నాయన చేతుల వాసన నాకు తెల్వదా? రెండో జత ఆకులేసిననాడే తెలిసె అంది. మరి ఎందుకు ఊకున్నవ్ అన్నాను. పెళ్ళయినంక నువ్వు మొదటిసారి అబద్ధం ఆడుతుంటివి, ఎంతదాంక ఆడుతవో చూద్దామని అంది. మా నాయన తన కోసం తాగె, నువ్వు నా కోసం పెంచుతుంటివి, రెండూ ఒక్కటెట్లయితయి అంది.

తెలిసీ ఎందుకు క్రాసింగ్ చేసినవ్ అని అడిగాను. నాకు అర్థం కాలేదు, నిజంగానే.

నన్ను తెలివిలేనివాణ్ణి చూసినట్టు చూసింది. ఒక్క చెట్టుది ఎంతొస్తది? ఇంకా నాలుగుసార్లు ఎక్కియ్యాలని డాక్టర్ అనె గదా. గింజ పట్టకుంటే మల్లోసారికి యాడికెల్లి తెస్తవ్, ఆ యోసేపును అడుక్కుంటవా అంది.

నాలుగుసార్లు.

ఆగస్టు నుంచి ఒక్కసారికి కూడా రానంటున్న మనిషి, తనలో తాను నాలుగు లెక్క పెట్టింది. మాట్లాడితే వెనక్కి తీసుకుంటుందేమోనని భయం. లేచి వెళ్ళి డబ్బాలకు నీళ్ళు పోశాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఎవరూ చూడలేదు.

13 సెప్టెంబర్, శనివారం

యోసేపుకు ఫోన్ చేశాను. తిడతాడనుకుంటే చాలాసేపు నవ్వాడు. సీడోళ్ళ చేతికి ఇస్తే గింజ కాక ఇంకేం చేస్తరు అన్నాడు. సగం బలమన్నా ఉంటుందా అంటే, ఉంటే ఉండొచ్చు, గట్టిగా చెప్పలేనన్నాడు.

అలివేలుకు చెప్పాను. ఈసారి దాచలేదు. దారాల వంక చూస్తూ కూర్చుంది. పాపం, మొహం చిన్నబోయింది. నిజం చెప్పుంటే అడిగి చేస్తుంటి గదా అంది. అంతే. ఆ ఒక్క మాటా నాకు తగలవలసిన చోటే తగిలింది.

కాసేపటికి, సగం పోతే ఇంకో సగం ఉంది గదా, అన్నం పెట్టు అంది.

అన్నం పెట్టమంది!

16 సెప్టెంబర్

జొన్నరొట్టె ఒకటిన్నర. పచ్చిమిరపకాయ నూరి పెట్టమంది. చేను మీద క్రాసింగ్ అయ్యాక తినేది అదే.

24 సెప్టెంబర్, బుధవారం

రోజూ పొద్దున లేచి పీట వేసుకుని కొమ్మలు వెతుకుతుంది. గింజ పాలు పోసుకుంటోందట. నన్ను పిలిచి వేలితో నొక్కి చూపించింది. రాలినవి లెక్క చెబుతుంది. నేను డైరీలో రాయాలి. రాయకపోతే, మేస్త్రి చెప్తే సూపర్‌వైజర్ రాసుకోడా అంటుంది. రాస్తున్నాను: రాలినవి, రెండు.

నిన్న రొట్టె తిన్నాక వాంతి అయింది. ఎక్కించినందుకు కాదు, జబ్బుదే. నోరు కడుక్కుని మళ్ళీ పీట మీద కూర్చుంది.

4 అక్టోబర్, శనివారం

సందులోకి పోలీసు జీపు వచ్చింది. నేను డబ్బా ఎత్తుకుని నడిమింట్లో గిరగిరా తిరిగాను, ఎక్కడ పెట్టాలో తెలియక. అలివేలు మంచం కిందికి తోయమని, పైన దుప్పటి వేలాడేసుకుని, కళ్ళు మూసుకుని మూలగడం మొదలుపెట్టింది. షరీఫాబీ మిట్టమధ్యాహ్నం లోబాన్ వేసింది.

జీపు ఎవరి ఇంట్లోనో సైకిల్ పోయిన కేసు రాసుకుని వెళ్ళిపోయింది. పోయాక కూడా ఈమె మూలుగుతూనే ఉంది. దగ్గరికి పోయి చూస్తే మూలుగు కాదు, నవ్వు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది.

6 అక్టోబర్

కాటా. ముప్పై ఐదు.

బతుకమ్మ ఆడటానికి ఆడవాళ్ళు పిలవడానికొచ్చారు. గడప దాకా వెళ్ళి చూసింది. ఆడలేదు. చప్పట్లు మాత్రం కొట్టింది.

16 అక్టోబర్, గురువారం

కోత.

నేను కత్తెర పట్టుకుంటే లాక్కుంది. తనే కోసింది. పాత చీర పరిచి, దారాలు ఒక్కోటి విప్పి, కొమ్మను అరచేతిలో నలిపి, ఊది, గింజలు వేరు చేసింది. పొట్టు ఒక పక్క, గింజ ఒక పక్క. మొగ్గలు వలిచే చేతులు, ఇరవై ఏళ్ళు దాటిన అలవాటు. మధ్యలో ఆగి చేతులు వాసన చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. మా నాయన యాదికొస్తుండు అంది. కోపంగా అనలేదు. ఆయన గురించి కోపం లేకుండా అనగా నేను వినడం ఇదే.

గింజలు రెండు వందల ఆరు. తాలు పదకొండు. మందుకు పనికొచ్చేది దోసెడు కూడా లేదు. దాన్ని యోసేపు చెప్పినట్టు నెయ్యిలో వేసి చిన్న స్టీలు డబ్బాలో పెట్టాను. దీని వల్ల ఎంత అవుతుందో నాకు తెలియదు. అసలేమీ కాకపోవచ్చు. ఆ మాట కూడా ఆమెకు చెప్పాను. ఇక ఈ ఇంట్లో దాచేది లేదు.

పందొమ్మిది దారాలూ చుట్టచుట్టి తలగడ కింద పెట్టుకుంది.

19 అక్టోబర్, ఆదివారం

కాటా. ముప్పై ఆరుంబావు.

గోదాము హమాలీలు చప్పట్లు కొట్టారు. ఈమె దిగుతూ, గోనెసంచి బరువు తీసేసిన్రా అని అడిగింది.

బుధవారం సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. సాయంత్రం ధైర్యం చేసి, బస్సు పొద్దున ఐదున్నరకు అన్నాను. చూద్దాం తియ్ అంది.

20 అక్టోబర్, సోమవారం

మగ మొక్క పీకేశాక ఖాళీగా ఉన్న నంబర్ 2 డబ్బాలో మట్టి తిరగేసి నాలుగు గింజలు పెట్టింది. నాలుగే ఎందుకంటే, యోసేపుకు బాకీ తీర్చాలె గదా, ముందు మన చేత మొలుస్తయో లేదో చూసి ఇస్త అంది. షరీఫాబీ నీళ్ళు పోస్తానంది. ఏం మొక్క అని ఆమె అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.

21 అక్టోబర్, మంగళవారం

పొద్దున తిన్నదంతా వాంతి. మధ్యాహ్నం మళ్ళీ. నీళ్ళు కూడా. ఆ పాత మొహం తిరిగి వచ్చింది, గోడ వైపు తిరిగి పడుకుంది. నెయ్యి డబ్బా చూపించాను. ఇప్పుడొద్దు, దాచిపెట్టు అంది. దేనికి దాచాలో చెప్పలేదు.

బ్యాగు సర్దాను. మళ్ళీ విప్పాను. మళ్ళీ సర్దాను. బలవంతంగా తీసుకుపోను. ఆమె వద్దంటే వద్దు. రాయడానికి తేలికగానే ఉంది. నాకు ఈమె లేకుండా పొద్దున లేవడం చేతకాదు. ఎవరికీ చెప్పలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

డైరీ ఆమె మంచం పక్కనే పెట్టి వెళ్ళి ఆరుబయట కూర్చున్నాను.

22 అక్టోబర్, బుధవారం, ఉదయం 4:50

ఈ రోజు పేజీ మూలకు సూదితో పొడిచిన చిల్లు. అందులోంచి ఎర్ర దారం, రెండు ముళ్ళు. నేను కట్టలేదు.

ఆమె చెప్పులేసుకుని గడప మీద కూర్చుంది. ఒళ్ళో నెయ్యి డబ్బా. ఏం రాస్తవయ్యా ఇంకా, బస్సు పోతది అంటోంది.